అరచేతిలో నిమిషాలు

అద్దె గది, మూడో అంతస్తు

మామయ్యా,

నీ బొంగరం ప్రపంచ కప్పుకి వెళ్తోంది. ఆడటానికి కాదు, ఆడించడానికి. వీడియో గేమ్‌ల పోటీల్లో ఇంతకన్నా పెద్దది లేదు. దానికి నన్ను రిఫరీగా తీసుకున్నట్టు ఈ ఉదయమే కబురొచ్చింది. రెండు వేలమంది దరఖాస్తు పెడితే పదిమందిని తీసుకున్నారు. అమ్మకి చెబితే, "అంటే ఆడేవాళ్ళ కుర్చీల వెనక నిలబడే ఉద్యోగమా?" అంది. అచ్చంగా అదే. ఒక్కచోట కూర్చోవే అని చిన్నప్పుడు కసిరి కసిరి నాకు బొంగరం అని పేరు పెట్టావు చూడు, ఆ జబ్బుకి ఇన్నాళ్ళకి జీతం దొరికింది.

నీకు ఫోన్ చేస్తే వినపడదు. అక్షరాలు పంపితే చీమల బారు అంటావు. పైగా పోటీ జరిగే ఆరు వారాలూ రిఫరీల ఫోన్లు తీసుకుని బీరువాలో పెడతారట, లోపలి మాట బయటికి పొక్కకుండా. కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. తెర మీద అటొక కోట, ఇటొక కోట. అవతలివాళ్ళ కోట పడగొట్టినవాళ్ళది గెలుపు. మధ్యలో గుహలో ఒక రాకాసి ఉంటుంది. దాన్ని చంపిన జట్టుకి బలం రెట్టింపవుతుంది, అందుకే సగం ఆటలు ఆ గుహ దగ్గరే తేలిపోతాయి. జనం గోల వినపడకుండా ఆడేవాళ్ళ చెవులకి పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు పెడతారు. శత్రువు అడుగుల చప్పుడు కూడా వాటిలోనే వినాలి, అందుకని హెడ్‌ఫోన్ మూగబోతే ఆటగాడికి సగం చూపు పోయినట్టే.

నువ్వు రిఫరీగా ఆడించిన ఫుట్‌బాల్‌లో లేని వింత ఒకటుంది. ఇక్కడ యంత్రం చెడితే ఆటను వెనక్కి తిప్పొచ్చు. చెడిన క్షణం దాకా వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళీ ఆడిస్తారు. నువ్వు నమ్మవని తెలిసే నియమాల పుస్తకం పంపుతున్నాను. అందరికీ ఇచ్చేదే, రహస్యమేమీ కాదు. నూట ఇరవై పేజీలు. నువ్వు చదివి సరే అంటేనే నేను బయలుదేరేది.

నీ
బొంగరం


బంతుల కొట్టు

బొంగరానికి,

ఉభయకుశలోపరి అంటూ సగం కాగితం నింపడం నాకు చేతకాదు. నేను బాగున్నాను, మీ అత్తయ్య నాకన్నా బాగుంది. నీ ఉత్తరం కొట్టుకొచ్చిన ప్రతివాడి చేతా చదివించాను. వాలీబాల్ కుట్టించుకోవడానికొచ్చిన డ్రిల్లు మాస్టారు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. చదివాను కదా అంటాడు, నాకు వినపడదు కదా, మళ్ళీ ఇచ్చాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం మీ తాతవల్ల కూడా కాదన్నాడట. నీ ఆట చూసి నేనూ అలాంటి మాటే ఏదో అంటానని మీ అమ్మ భయం. అననే! జనం అరుపులు చెవిన పడకుండా ఆట ఆడించే వీలుంటే నేనెంత సుఖపడేవాణ్ణో నీకు తెలియదు. చెవులు పోయాక నాకు ఇప్పుడు దొరికింది ఆ వీలు. విజిలే లేదు.

పుస్తకం భూతద్దం పెట్టుకుని తొమ్మిది రోజుల్లో చదివాను. ఎర్ర పెన్సిల్ సగం అరిగింది. ఆట ఏదైనా నియమాల పుస్తకం ఒకటే భాష మాట్లాడుతుంది. పదకొండు అనుమానాలొచ్చాయి, పది నువ్వే తీర్చుకుంటావు. ఒక్కటి మాత్రం రాస్తున్నాను. నలభై ఒకటో నియమం: యంత్రం చెడితే చెడిన క్షణానికి ఆట వెనక్కి తిప్పాలి. మరి ఆ క్షణం ఏదో ఎవరు చెప్పాలి? హెడ్‌ఫోన్ మూగబోయిన సంగతి ఆట నడిపే పెద్ద యంత్రానికి తెలియదని అరవయ్యో పేజీలో మీవాళ్ళే రాశారు. ఆటగాడు కంగారులో ఎప్పటికో చెయ్యెత్తుతాడు. ఆ లోపల రాకాసి చచ్చిందనుకో. ఒకడు గెలుచుకున్నది వాడికి ఉంచాలా, తీసెయ్యాలా అన్నది వెనక నిలబడ్డ నీ నోటిమాట మీద ఉంది. అది బాగా చూసుకో.

నా పద్ధతి నీకు తెలుసు. ముందు గడియారం, తర్వాత అరచెయ్యి, ఆ తర్వాతే నోరు. ఏదైనా జరిగినట్టు అనిపించిందా, గడియారం చూసి అంకె అరచేతిలో రాసెయ్యి. జరిగిందో లేదో తర్వాత తేలుతుంది. మనసు ఎవరికి అనుకూలంగానైనా మాట మారుస్తుంది కానీ సిరా మార్చదు.

కెప్టెన్ నిన్న ఇంకో బంతి తెచ్చాడు. నీకు గుర్తుండే ఉంటాడు, గోడ మీది కప్పు ఫైనల్ ఫోటోలో నా పక్కన తల దించుకుని నిలబడ్డవాడు. ఓడి ముప్ఫై రెండేళ్ళయినా ఇప్పటికీ అందరికీ వాడు కెప్టెనే. ఆ మ్యాచ్ తర్వాతే కదా మోకాలు పోయి నేను విజిల్ వదిలేసింది. ఇప్పుడు వాడు పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. వాడు తెచ్చే బంతి ఏదైనా సరే గాలి పోసే రంధ్రం పక్క కుట్టు దగ్గరే పోతుంది. ఆ పిల్లలు కాళ్ళతో ఆడతారో గోళ్ళతో ఆడతారో. అందరూ నాకు రాసి చెప్పే పలక మీద "రేపటికి కావాలి" అని రాసిపోయాడు. వాడికెప్పుడూ రేపటికే కావాలి.

వెళ్ళిరా. బూట్లు మెత్తనివి కొనుక్కో.

మామయ్య


హోటల్, పన్నెండో అంతస్తు

మామయ్యా,

రెండో వారం అయిపోవచ్చింది. ఇక్కడంతా బాగుంది. గది చాలా బాగుంది. మంచానికి నాలుగు దిండ్లు ఇచ్చారు, రెండు గట్టివి, రెండు మెత్తనివి. నాలుగూ పెట్టుకుంటే మెడ పడుతోంది, రెండు తీసేస్తే నిద్ర పట్టడం లేదు. మూడు పెట్టుకుంటున్నాను. కిటికీలోంచి బస్సుల డిపో కనిపిస్తుంది. ఉదయం ఆరింటికి డ్రైవర్లు బస్సుల అద్దాలు కడుగుతారు, చూస్తే హాయిగా ఉంటుంది.

పని ఒళ్ళు విరిచేస్తోంది. పొద్దున్నే పది మౌసులు, పది కీబోర్డులు, పది హెడ్‌ఫోన్లు తూచి, కదిపి, చెవికి పెట్టుకుని చూస్తాం. ఆటగాళ్ళ జేబులు తడుముతాం. తర్వాత వేదిక మీద కుర్చీల వెనక నాలుగేసి గంటలు నడక. మా చీఫ్ రిఫరీ నెరిసిన జుట్టావిడ, పొట్టి మనిషి, నవ్వదు. చెవిలో పెట్టుకున్న చిన్న స్పీకర్లో ఆవిడ గొంతు వినిపిస్తే నా వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది.

మొదటి రోజు అరచేతిలో అంకెలు చూసి మిగతా రిఫరీలు తెగ నవ్వారు. సెకనులో వెయ్యో వంతు కూడా లెక్కపెట్టే యంత్రాలుంటే ఈ చిన్న బడి పిల్లల పనేంటి అన్నారు. నేనూ నవ్వాను.

నీ మోకాలు ఎలా ఉంది? కెప్టెన్ బంతి కుట్టేశావా?

నీ
బొంగరం


బంతుల కొట్టు

బొంగరం,

నీ ఉత్తరంలో దిండ్ల గురించి మూడు వాక్యాలున్నాయి. ఆట గురించి ఒక్కటీ లేదు. నువ్వు చిన్నప్పుడు నా విజిల్ పోగొట్టి, సాయంత్రమంతా వీధిలో కుక్కపిల్లల గురించి చెప్పావు. గుర్తుందా?

వాళ్ళు నవ్వారన్నావు, నువ్వూ నవ్వానన్నావు. నవ్వి ఏం చేశావు? అరచెయ్యి కడిగేసుకున్నావా?

నాకు ఇది తప్ప ఇంకేం అడగాలని లేదు. జవాబు రాయి.

మామయ్య


హోటల్, పన్నెండో అంతస్తు

మామయ్యా,

కడిగేసుకున్నాను.

నువ్వు అడగకపోతే ఎప్పటికీ రాసేదాన్ని కాదేమో. పదకొండో రోజు, నీలం జెర్సీలకీ పచ్చ జెర్సీలకీ ఆట. నీలం జట్టు పిల్లలు ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి. ఐదుగురూ ఒకే వీధివాళ్ళట, కీబోర్డులు కూరగాయల సంచుల్లో పెట్టుకుని వచ్చారు. పచ్చ జట్టులో ఒకడి వెనక నేను నిలబడ్డాను. రాకాసి దగ్గర పెద్ద కొట్లాట. నీలంవాళ్ళు రాకాసిని చంపేశారు. ఇంతలో నా ముందున్న పచ్చ కుర్రాడు చెయ్యెత్తాడు, హెడ్‌ఫోన్ మూగబోయిందని. ఆట ఆపాను. "ఎప్పుడు పోయింది?" అని చీఫ్ చెవిలో అడిగింది.

వాడి చెయ్యి చెవి మీదికి వెళ్ళడం చూశాను. గడియారం చూడలేదు. చేతిలో ఏమీ రాయలేదు. రాకాసి చావకముందో చచ్చాకో నాకు నిజంగా తెలియదు. కానీ వేదిక మీద నిలబడి, పెద్ద పోటుగత్తెలా, "ఇరవైరెండు నిమిషాల నలభై సెకన్లు" అన్నాను. రాకాసి చావకముందుకి ఆట తిప్పారు. రెండోసారి అది పచ్చవాళ్ళకి దక్కింది. నీలం జట్టు ఓడింది, ఆ ఓటమితో పోటీ నుంచే వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు వాళ్ళ కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "మళ్ళీ ఏడాది కలుద్దాం అక్కా" అని చెయ్యి కలిపి వెళ్ళాడు.

ఎవరూ ఏమీ అడగలేదు. నామీద అంత నమ్మకం వాళ్ళకి. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. అపీలు చేసుకునే గడువు ఆట అయ్యాక ఒక గంట, అది ఆ రోజే దాటిపోయింది. ఇప్పుడు చెప్పినా వాళ్ళని వెనక్కి తేలేం. నేను మాత్రం ఇంటికెళ్తాను. వచ్చే వారం క్వార్టర్ ఫైనల్స్. ఫైనల్ వేదిక మీద నన్ను పెడతారని అందరూ అంటున్నారు. ఈ ఒక్క మాట బయట పెడితే ఫైనలే కాదు, ఇకమీద ఏ పోటీకీ పిలవకపోవచ్చు.

ఏం చెయ్యమంటావు? తిట్టు, పరవాలేదు.

బొంగరం


బంతుల కొట్టు

బొంగరానికి,

తిట్టను. తిట్టే అర్హత లేదు. ఎందుకో చెబుతాను, ఇది మీ అత్తయ్యకి కూడా తెలియదు.

గోడ మీది ఫోటో ఉంది చూడు, ఆ ఫైనల్ రోజు వాన. కెప్టెన్ జట్టు ఒక గోల్ వెనకపడి ఉంది. మధ్యలో ఒకడికి కాలు బెణికి ఆట ఆగింది. ఎన్ని నిమిషాలు ఆగిందో అరచేతిలో రాసుకున్నాను, అన్ని నిమిషాలు చివర్లో కలిపి ఆడించాలి. చివరికొచ్చేసరికి చెయ్యి చూసుకుంటే నీలం మరక తప్ప అంకె లేదు. వాన కడిగేసింది. ఆగింది రెండా, ఐదా? చుట్టూ జనం గోల. గెలుస్తున్నవాళ్ళ వైపు జనమే ఎక్కువ, ఊదు ఊదు అని ఒకటే కేకలు. పక్కనున్న లైన్స్‌మన్‌ని అడగొచ్చు. కానీ కప్పు ఫైనల్ రిఫరీ లెక్క మర్చిపోయి ఇంకొకణ్ణి అడుగుతాడా? రెండే అనుకుని ఊదేశాను.

ఆ సాయంత్రం కట్టు కట్టినాయన రాసిచ్చిన కాగితం చూశాను. ఐదు నిమిషాలు. వాళ్ళకి రావలసిన మూడు నిమిషాలు నేను తినేశాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఏ మైదానంలో నిలబడ్డా ఆ మూడు నిమిషాలే. అందుకని మోకాలు అన్నాను. నా మోకాలుకి ఏ రోగమూ లేదే. మొన్న కూడా నిచ్చెనెక్కి అటక మీంచి తోలు చుట్టలు దింపాను.

కెప్టెన్ ముప్ఫై రెండేళ్ళుగా ఏడాదికి పది బంతులైనా తెస్తాడు. వాడు గుమ్మంలో కనపడిన ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనుకుంటాను. సూదిలో దారం ఎక్కించేసరికి ధైర్యం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో చెబుతున్నాను. ఏమీ కాదు. గౌరవం ఉంటుంది, ఫోటో గోడ మీద ఉంటుంది, నువ్వు మాత్రం దానికి వీపు చేసి కూర్చుంటావు. నా పని బల్ల గోడకి ఎదురుగా కాక వీధివైపు ఎందుకుందని చిన్నప్పుడు అడిగేదానివి. వెలుతురు కోసం అన్నాను.

నువ్వు వెళ్ళి చెప్పు. నేనూ చెబుతాను. ఇద్దరం ఒకసారే మునుగుదాం, చలి తెలియదు.

దీనితో ఒక పెన్ను పంపుతున్నాను. తోలు మీద గుర్తులు పెట్టేది. వానకి పోదు, చెమటకి పోదు, సబ్బుకి కూడా మూడు రోజులు పోదు. ఇలాంటిది ఆ రోజు నా జేబులో ఉంటేనా!

మామయ్య


ప్రాంగణం కింద, సామాన్ల గది

మామయ్యా,

చెప్పేశాను. నీ ఉత్తరం చదవడం అవగానే, చెప్పులు కూడా మార్చుకోకుండా చీఫ్ గదికి వెళ్ళాను. ఆవిడ అంతా విని, "కూర్చో" అని కూడా అనలేదు. కెమెరా బొమ్మలు తెప్పించి చూశారు. రాకాసి చచ్చింది నలభై ఏడో సెకనుకి. పచ్చ కుర్రాడి చెయ్యి చెవికి వెళ్ళింది యాభై ఒకటికి. నేను చెప్పింది నలభై. రాకాసి న్యాయంగా నీలంవాళ్ళదే మామయ్యా. నా నోటితో తీసేశాను.

ఫలితం మార్చే నియమం లేదు. తప్పు రిఫరీదని అందరికీ ప్రకటించి, నీలం జట్టుకి క్షమాపణ రాశారు. కింద నా సంతకం పెట్టించారు. పెట్టాక ఆకలేసింది. పది రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

వేదిక మీంచి తీసేశారు. ఇప్పుడు కింద సామాన్ల గదిలో మౌసులు లెక్కపెడుతున్నాను. పైన క్వార్టర్ ఫైనల్ జరుగుతుంటే జనం కాళ్ళ చప్పుడుకి పైకప్పు నుంచి సున్నం రాలుతోంది. ఎవరు గెలిచారో తీగలు తెచ్చినవాళ్ళు చెబితే తెలియాలి. ఫైనల్ ఆశ వదులుకున్నాను. ఏడవలేదు అని రాద్దామనుకున్నాను, ఇక అబద్ధాలెందుకు, ఏడ్చాను.

నువ్వు చెప్పావా?

బొంగరం


బంతుల కొట్టు

బొంగరం,

చెప్పాను. మిగతాది తర్వాత రాస్తాను.

నీ సంతకం ఉన్న క్షమాపణ పేపర్లో వచ్చింది. మీ అమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టి, పరువు పోయిందా అని పలక మీద రాసి అడిగింది. పరువు ఇప్పుడే మొదలైందని రాశాను. ఆ ముక్క కత్తిరించి కొట్టు తలుపుకి అంటించాను. మౌసులు సరిగ్గా లెక్కపెట్టు.

మామయ్య


హోటల్, పన్నెండో అంతస్తు

మామయ్యా,

మౌసులు సరిగ్గానే లెక్కపెట్టాను. ఫైనల్‌కి ముందు రోజు చీఫ్ సామాన్ల గదికి దిగి వచ్చింది. నేను లేచి నిలబడబోతే తీగ కాలికి చుట్టుకుని పడబోయాను. ఆవిడ అంది: "తప్పు చెయ్యలేదనే రిఫరీలు నా దగ్గర తొమ్మిదిమంది ఉన్నారు. తప్పు చేశానని చెప్పింది నువ్వొక్కదానివే. రేపు వేదిక మీద నువ్వుంటావు." నవ్వలేదు. వెళ్ళిపోయింది. నీ పెన్ను లోపలికి తీసుకెళ్ళడానికి అనుమతి కాగితం మీద ఆవిడే సంతకం పెట్టింది.

ఇక విను. నువ్వు చూసే ఉంటావు కానీ వెనక నిలబడ్డదాని నోట వినాలి.

ఇరవై వేలమంది. నడుస్తుంటే నేల అదురుతోంది. బంగారు రంగు జెర్సీలూ ఎర్ర జెర్సీలూ. జనంలో నూటికి తొంభైమంది బంగారు జట్టువాళ్ళే. రెండు ఆటలు వాళ్ళు, రెండు వీళ్ళు. ఐదోది ఎవరిదైతే కప్పు వాళ్ళది. ముప్ఫై నాలుగో నిమిషం, రాకాసి దగ్గర పదిమందీ ఉన్నారు. నా ముందున్న ఎర్ర ఆటగాడి ఎడమ చెయ్యి ఒక్క క్షణం చెవి మీదికి వెళ్ళి మళ్ళీ కీబోర్డు మీదికి వచ్చింది. అంతే. దురదేమో, ఏమో. నేను గడియారం చూశాను. అరచేతిలో రాశాను: 34:12.

ఇరవయ్యో సెకనుకి బంగారు జట్టు రాకాసిని చంపింది. జనం లేచి నిలబడ్డారు. ఇరవై ఆరుకి ఎర్ర ఆటగాడు చెయ్యెత్తాడు. ఆట ఆపాను. ఇక చూడు గోల! రాకాసి పోయింది కనుక దొంగ నాటకం ఆడుతున్నాడని ఇరవై వేలమందికీ అనిపించింది. పెద్ద యంత్రంలో హెడ్‌ఫోన్ బాగానే ఉన్నట్టుంది. చెవిలో చీఫ్ గొంతు: "ఎక్కడికి తిప్పాలి?"

నేను నోటితో చెప్పలేదు. చెయ్యెత్తి అరచెయ్యి కెమెరా వైపు తిప్పాను. నీలం అంకెలు పెద్ద తెర మీద మేడంత ఎత్తున పడ్డాయి. అప్పుడు జనం నన్ను తిట్టిన తిట్లకి కాగితం చాలదు. కెమెరా బొమ్మలు వెతకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలూ చెయ్యి దించలేదు. భుజం లాగేసింది. నువ్వు వానలో నిలబడ్డావు కదా, నాకిది ఎంత అనుకున్నాను. చివరికి చీఫ్ మాట వినిపించింది: "పన్నెండు. సరిపోయింది. తిప్పండి."

రాకాసి మళ్ళీ బతికింది. మళ్ళీ కొట్లాట. ఎవరు గెలిచారో తెలుసుగా? బంగారు జట్టే! రాకాసి వాళ్ళకే దక్కింది, కప్పూ వాళ్ళకే. ఈసారి ఎవరూ వంక పెట్టడానికి వీల్లేకుండా గెలిచారు. అంతసేపు నన్ను తిట్టిన జనం అది మర్చిపోయి గెంతారు. బంగారు జట్టు కెప్టెన్ కప్పు ఎత్తకముందే నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. చెమటకి పోని నీ సిరా వాడి చెమటకి ఎలా లొంగిందో, అంకెల నీడ వాడి చేతికంటింది. వాడు చూసుకుని, తుడుచుకోకుండా, ఆ చేత్తోనే కప్పు ఎత్తాడు.

మామయ్యా, నాకు చాలా గర్వంగా ఉంది. నీకు కాక ఎవరికి చెప్పను?

కెప్టెన్ సంగతి ఏమైంది? తర్వాత రాస్తానన్నావు. నువ్వూ నాలా దిండ్ల వెనక ఏదో దాస్తున్నావా?

నీ
బొంగరం


బంతుల కొట్టు

బొంగరానికి,

డ్రిల్లు మాస్టారు తన టీవీ మోసుకొచ్చి నా తోలు చుట్టల మీద పెట్టాడు. కొట్టులో పదిహేనుమంది పడతారు, ముప్ఫైమంది కూర్చున్నారు. మీ అమ్మ ముందు వరసలో కూర్చుని, "ఆ కుర్చీల వెనక నిలబడ్డది మా అమ్మాయే" అని ప్రతి ఒక్కరికీ వేలు పెట్టి చూపించింది. నాకు వినపడకపోయినా ఆ మాట పెదాల మీద చదవగలను, అన్నిసార్లు అంది.

ఇక కెప్టెన్ సంగతి. ఆ రోజు వాడు బంతి తేగానే, దారం ఎక్కించకముందే చెప్పేశాను. వాన, చెయ్యి, మూడు నిమిషాలు, అంతా. వాడు విన్నాడు. బంతి బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయాడు. పదిహేను రోజులు ఇటు రాలేదు. నీకు రాస్తే నీ ధైర్యం చెడుతుందని దాచాను. దిండ్లు నాకూ ఉన్నాయిలే.

ఫైనల్ రోజు ఐదో ఆట మొదలయ్యాక వచ్చాడు. ఎవరో ముక్కాలి పీట ఇచ్చారు, నా పక్కనే వేసుకున్నాడు. నువ్వు చెయ్యెత్తావు. తెరంతా నీ అరచెయ్యి. నా అలవాటు, నా రాత, నా పెన్ను సిరా, ఇరవై వేలమంది మీదికి! కళ్ళు తుడుచుకుంటుంటే వాడు నా ఒళ్ళోకి పలక తోశాడు. "నాకూ వాచీ ఉంది" అని ఉంది.

అంటే ఏమిటన్నాను. తుడిచి రాశాడు: "మూడు నిమిషాల ముందే ఊదావని ఆ రోజే తెలుసు."

మరి ముప్ఫై రెండేళ్ళు ఎందుకు అడగలేదురా అన్నాను. గట్టిగానే అని ఉంటాను, అందరూ తిరిగి చూశారు. వాడు రాశాడు: "అడిగితే ఒప్పుకునేవాడివి. నువ్వే చెప్పాలని." మరి చెప్పాక ఎందుకు పారిపోయావన్నాను. "అన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంటికెళ్ళి పడుకున్నా." ఆ మూడు నిమిషాల్లో గోల్ కొట్టేవాళ్ళా అని అడిగాను. "మా ఫార్వర్డ్ అప్పటికే కుంటుతున్నాడు. కానీ మనవలకి కొట్టేవాళ్ళమనే చెప్పా. నువ్వూ అదే చెప్పు." సరే అన్నాను. గోడ మీది ఫోటో తీసేస్తానంటే ఒప్పుకోలేదు, అందులో తనకి జుట్టుందట. అందుకని పేపర్లో వచ్చిన నీ అరచెయ్యి బొమ్మ పటం కట్టించి దాని పక్కనే పెట్టాను. పని బల్ల గోడవైపు తిప్పుకున్నాను. వెలుతురు కొంచెం తక్కువే, పరవాలేదు.

కప్పు ఎత్తాక అందరూ వెళ్ళిపోయారు. వాడు మాత్రం ఉండి, జేబులోంచి కాగితంలో చుట్టిన బ్లేడు ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు.

ముప్ఫై రెండేళ్ళు, ఎప్పుడూ ఆ ఒక్క కుట్టే. కోసిన కుట్టుకీ చినిగిన కుట్టుకీ తేడా తెలియనివాణ్ణా నేను? తెలుసే. పిల్లల గోళ్ళని నీకు రాశాను కానీ మొదటి బంతి నుంచీ తెలుసు. అడగలేదు. ఎందుకు కోస్తున్నావని నేనడిగితే, ఎందుకో వాడు చెప్పాలి కదా. వాడు కోసేవాడు, నేను కుట్టేవాణ్ణి.

పలక తుడిచి ఇంకొక్కటి రాశాడు: "ఇక ఊరికే వస్తా."

నిన్న వచ్చాడు. చేతిలో బంతి లేదు. కొట్టు మూసేదాకా కూర్చున్నాడు. బ్లేడు దారాల డబ్బాలో పెట్టాను. నువ్వు వచ్చినప్పుడు చూద్దువుగాని, చెయ్యి జాగ్రత్త, ఇంకా పదునుగానే ఉంది.

మామయ్య